టామీకి బీమా చేయిస్తున్నారా?



ఈవేళ మనం ఇంట్లో తిరిగే నాలుగుకాళ్ళ సభ్యుడి గురించి, అంటే పెంపుడు కుక్కకు చేయించే బీమా గురించి మాట్లాడుకుందాం. "మనుషులకే దిక్కులేదు, కుక్కకు బీమా ఏమిటమ్మా!" అని ఇంట్లో పెద్దవాళ్ళు మూతి విరవచ్చు. కాని నగరంలో పశువైద్యం ఖర్చు ఒక్కసారి చవిచూసిన వాళ్ళు ఆ మాట అనరు. టీకాలు పూర్తికాని కూనకు పార్వో పట్టుకుంటే రోజుల తరబడి సెలైను ఎక్కించాలి. ఆడకుక్కకు గర్భసంచిలో చీము పడితే ఆపరేషను వాయిదా వేయడానికి వీలుండదు. డాక్టరుగారు ఖర్చు ఇంత అని చెప్పినప్పుడు, ఒక పక్క పిల్లల ముఖాలు చూస్తూ, ఇంకో పక్క డబ్బు లెక్క వేసుకుంటూ, వైద్యం చేయించాలా వద్దా అని తేల్చవలసినది చాలా ఇళ్ళలో ఇల్లాలే. ఆ నిర్ణయం జబ్బును బట్టి ఉండాలి గాని, చేతిలో డబ్బును బట్టి ఉండకూడదు. బీమా అందుకు సాయపడుతుంది. అయితే పాలసీలో ఏముందో తెలిసినవాళ్ళకే ఆ సాయం పూర్తిగా అందుతుంది.

ఇది మరీ కొత్త సంగతి కాదు. స్వీడన్ దేశంలో 1924లోనే కుక్కకు బీమా చేశారు. అమెరికాలో 1982లో ఒక కంపెనీ తన మొదటి పాలసీని టెలివిజన్‌లో పేరుపడ్డ లాసీ అనే కుక్కకు ఇచ్చింది. మన దేశంలో ప్రభుత్వరంగ బీమా కంపెనీలు పూర్వం నుంచీ అమ్మిన కుక్కల పాలసీలు ముఖ్యంగా కుక్క చనిపోతే దాని విలువ ఇచ్చేవి. ఆసుపత్రి ఖర్చులిచ్చే పాలసీలు 2020 ప్రాంతం నుంచి ఎక్కువగా కనబడుతున్నాయి. కాబట్టి మీరు తీసుకోబోయేది ఏ రకమో ముందే అడగండి. చనిపోతే డబ్బిచ్చే పాలసీ చేయించి, జ్వరం బిల్లు పట్టుకువెళ్తే లాభం లేదు కదా!

ఇక పాలసీ కాగితం తీయండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక అంకె ఉంటుంది. యాభై వేలు అనుకోండి. "అమ్మయ్య, యాభై వేల వరకూ బెంగలేదు" అనుకుంటాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, అసలు సంగతి లోపలి పేజీల్లో ఉంటుంది. యాభై వేలు అన్నది సంవత్సరం మొత్తానికి, అన్ని జబ్బులకూ కలిపి, కంపెనీ ఇవ్వగల గరిష్ఠ మొత్తం. దాని లోపల చిన్న చిన్న గళ్ళు కట్టి ఉంటాయి. ఒక్కొక్క జబ్బుకు ఇంత, ఆపరేషనుకు ఇంత, పరీక్షలకు ఇంత అని. ఇంట్లో సరుకులకు ఇంత, పాలకు ఇంత అని డబ్బాల్లో డబ్బు విడివిడిగా దాచుకున్నట్టన్నమాట. పాల డబ్బా ఖాళీ అయితే సరుకుల డబ్బాలోంచి తీసుకోవడం మన ఇంట్లో కుదురుతుంది. బీమా కంపెనీ దగ్గర కుదరదు.

దీనికి తోడు "సహచెల్లింపు" అని ఇంకొకటుంటుంది. అంటే ప్రతి బిల్లులోనూ కొంత శాతం మనం భరించాలి. ఒక లెక్క వేసి చూద్దాం. టామీ ఆసుపత్రి బిల్లు ముప్పై వేలు అయిందనుకోండి. అందులో ఆహారం, షాంపూ వంటి, కంపెనీ ఇవ్వని వాటికి రెండు వేలు తీసేస్తే ఇరవై ఎనిమిది వేలు. మీ పాలసీలో ఒక్కొక్క జబ్బుకు పరిమితి ఇరవై వేలు, మీ వాటా నూటికి ఇరవై అనుకుందాం.

ముందు మీ వాటా తీస్తే, ఇరవై ఎనిమిది వేలలో అయిదువేల ఆరువందలు పోగా ఇరవై రెండు వేల నాలుగువందలు మిగులుతుంది. పరిమితి ఇరవై వేలు కనుక మీకు ఇరవై వేలు వస్తుంది. అలా కాక ముందు పరిమితి వేసి, ఆ ఇరవై వేలలో మీ వాటా నాలుగువేలు తీస్తే, మీకు వచ్చేది పదహారు వేలే. బిల్లు అదే, జబ్బు అదే, పాలసీ అంకెలూ అవే. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఒక్క మాటతో నాలుగువేలు తేడా! అందుకే ఏజెంటు ఇంటికి వచ్చినప్పుడు, "యాభై వేల పాలసీయే కదండీ" అని ఊరుకోకండి. "ముప్పై వేల బిల్లు వస్తే నా చేతికి ఎంత వస్తుంది? కాగితం మీద వేసి చూపించండి" అని అడగండి. మొహమాటపడవలసిన పని లేదు, ప్రీమియం కట్టేది మీరు.

పాలసీ తీసుకున్న మర్నాడే క్లెయిము చేద్దామంటే కూడా కుదరదు. జబ్బులకు మొదట కొన్నాళ్ళు నిరీక్షణ కాలం ఉంటుంది. పార్వో సోకిన తర్వాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అప్పటికే సోకిన జబ్బుకు ఆదరాబాదరాగా పాలసీ కొనకుండా కంపెనీ పెట్టుకున్న అడ్డుకట్ట ఇది. పాలసీకి ముందే ఉన్న జబ్బుల్ని చాలావరకు మినహాయిస్తారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు లోపం పుట్టుకతోనే సంక్రమించవచ్చు. అటువంటి వంశపారంపర్య జబ్బుల గురించి పాలసీలో ఏం రాశారో విడిగా చూడండి. టీకాలు సకాలంలో వేయించకపోతే, ఆ టీకా ఆపగలిగిన జబ్బుకు డబ్బివ్వమని అనే పాలసీలున్నాయి. కనుక టీకాల పుస్తకాన్ని రేషను కార్డంత భద్రంగా దాచండి.

ఇప్పుడు అతిముఖ్యమైన సంగతికి వద్దాం. అదే పాలసీ పునరుద్ధరణ, అంటే రెన్యూవలు. ఈ పాలసీ సాధారణంగా ఒక్క సంవత్సరం ఒప్పందం. ఏడాది తిరిగేసరికి కొత్త ఒప్పందమే. ప్రీమియం పెరగవచ్చు, పరిమితులు మారవచ్చు. మనుషుల ఆరోగ్య బీమాలో, క్లెయిము చేశారన్న కారణంతో రెన్యూవలు నిరాకరించకూడదని నిబంధన ఉంది. కుక్కల పాలసీ ఆ ఆరోగ్యబీమా కోవలోకి రాదు. అందువల్ల మనకున్న రక్షణను ఇక్కడా ఉందని ఊహించుకోకండి. మీ పాలసీలో రాసిన మాటే ప్రమాణం.

కుక్క వయసు మన వయసులా నడవదు. పెద్దజాతి కుక్క ఏడెనిమిదేళ్ళకే ముసలిదవుతుంది. కొత్తగా పాలసీలో చేర్చుకోవడానికి కంపెనీలు వయోపరిమితి పెడతాయి. మూడేళ్ళప్పుడు చేరిన టామీకి ఏటా రెన్యూవలు చేస్తూ వచ్చి, సరిగ్గా ముసలితనంలో ఒక్కసారి తారీఖు మరచిపోయారనుకోండి. మళ్ళీ కొత్తగా చేరాలంటే వయసు దాటిందనవచ్చు. చేర్చుకున్నా నిరీక్షణ కాలం మళ్ళీ మొదలవుతుంది. ఈలోగా వచ్చిన చెవిపోటు, చర్మవ్యాధి, మధుమేహం అన్నీ "ముందే ఉన్న జబ్బులు" అయిపోతాయి. ఇన్నేళ్ళు ప్రీమియం కట్టి, అవసరం వచ్చేవేళకు మొదటికే మోసం వచ్చినట్టే.

ఇంగ్లాండులో పిల్లలున్న తల్లులు అక్కడి తేడాను కూడా తెలుసుకోవచ్చు. అక్కడ కొన్ని పాలసీలు ఒక జబ్బుకు పన్నెండు నెలలే డబ్బిచ్చి, ఆపైన ఆ జబ్బును మినహాయిస్తాయి. జీవితకాలపు రకమైతే, విరామం లేకుండా రెన్యూవలు చేసినంతకాలం ఏటా పరిమితి మళ్ళీ నిండుతుంది. మధుమేహం వంటి దీర్ఘవ్యాధి వచ్చిన కుక్కకు ఈ తేడాయే ప్రాణం.

మరి మనం చేయవలసినదేమిటి? గోడ కాలెండరులో గడువు తేదీకి నెలరోజుల ముందే గుర్తు పెట్టుకోండి. రెన్యూవలు కాగితం రాగానే నిరుటి కాగితం పక్కన పెట్టి నాలుగు అంకెలు పోల్చండి. మొత్తం పరిమితి, ఒక్కొక్క జబ్బు పరిమితి, మీ వాటా, ప్రీమియం. ఏదైనా మారితే ఎందుకని అడగండి. గడువు దాటితే ఎన్ని రోజుల వెసులుబాటు ఉందో, ఆ రోజుల్లో జబ్బు చేస్తే డబ్బు వస్తుందో లేదో కూడా అడగండి.

క్లెయిము విషయంలో, చాలాచోట్ల ముందు మనం డబ్బు కట్టి, తర్వాత తెచ్చుకోవాలి. అందువల్ల బీమా ఉన్నా కొంత సొమ్ము విడిగా ఉంచుకోవలసిందే. చీటీలు, పరీక్షల రిపోర్టులు, మందుల రశీదులు అన్నిటి మీదా కుక్క పేరు, తేదీ ఉండేలా చూడండి. కుక్కను గుర్తుపట్టడానికి ఫొటోలు, ఉంటే మైక్రోచిప్ సంఖ్య దగ్గర పెట్టుకోండి. దురదృష్టవశాత్తూ కుక్క పోతే, ఎంత దుఃఖంలో ఉన్నా, పూడ్చిపెట్టే ముందే కంపెనీకి తెలియజేసి, డాక్టరు ధ్రువపత్రం తీసుకోండి.

అన్యాయంగా క్లెయిము కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ వారి 155255 నంబరుకు ఫోను చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు.

నోరులేని జీవి తన నొప్పి చెప్పుకోలేదు, తన పాలసీ చదువుకోలేదు. ఆ రెండూ మనమే చేయాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, ఈ మధ్యాహ్నమే ఒక అరగంట తీరిక చేసుకుని ఆ కాగితం చదవండి. సెలవు.