తలకి సబ్బా... అనకండి!

షాంపూ అంటే సీసాలోనో, ప్యాకెట్లోనో ఉంటుందనే మనకు తెలుసు. బిళ్లగా కూడా దొరుకుతోందని విని, పోయిన ఆదివారం నేనూ ఒకటి తెచ్చి తలంటుకున్నాను.

మాది బోరు నీళ్లు. మామూలు సబ్బు రుద్దితే నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టులా జుట్టుకి పట్టేస్తుంది. ఎన్ని చెంబులు గుమ్మరించినా ఆ జిడ్డు వదలదు. ఈ బిళ్లతో ఆ గొడవ లేదు. తడి చేతుల మధ్య నాలుగుసార్లు తిప్పేసరికి బోలెడు నురగ!

కిటుకంతా అట్టపెట్టె మీదే ఉందండోయ్. 'సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్' లాంటిది ముందుగా కనిపిస్తే అది షాంపూయే. 'సోడియం పామేట్', 'సోడియం కోకోయేట్' అని ఉంటే, పైన షాంపూ అని ఎంత పెద్దక్షరాల్లో రాసినా సబ్బే. సబ్బు పీహెచ్ 9-10 దాకా ఉంటుంది. జుట్టుకి 5 చుట్టుపక్కల ఉంటేనే హాయి.

బిళ్లని నేరుగా తలకేసి రుద్దకండి, వెంట్రుకలు చిక్కుపడతాయి. నూనె తలైతే రెండోసారీ పెట్టాల్సిందే. వాడాక చిల్లుల పెట్టెలో ఆరనివ్వాలి. నీళ్లలో నానిందా, ముద్దే!

మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వాసన బాగుందన్నారు. ఆవిడ తలకి మాత్రం కుంకుడుకాయలే కొట్టుకుంటున్నారు.