పడని గోలుల కథ

తెలుగువాని నోట కంచె మాట వచ్చినదన్న, అది చేను మేసిన సందర్భముననే వచ్చును. కంచె నిలిచి చేనును కాచిన ఏండ్లు ఎన్నో గడచి ఉండును. ఆ ఏండ్లలో పంట చక్కగా ఇల్లు చేరి ఉండును. వాటిని గూర్చి మాత్రము సామెత పుట్టలేదు. చెరువుకట్ట సంగతియు ఇంతే. కట్ట తెగిన రాత్రిని ఊరు మూడు తరములు చెప్పుకొనును. వానలో తడియుచు, చేత పార పట్టుకొని, నీరుకట్టువాడు గట్టుమీద తెల్లవార్లు తిరిగి కట్టను నిలిపిన రాత్రి మరునాటికే మరపున పడును.

ఫుట్‌బాలు ఆటలో కూడ ఇట్టి నీరుకట్టువారు కలరు. గోలు కొట్టిన ఆటగానికి పేరు దక్కును. ఏ నిమిషమున కొట్టినాడో ఆ నిమిషముతో సహా చరిత్రలో నమోదగును. గోలు పడకుండ ఆపినవాని పేరు ఏ పట్టికలో వ్రాయవలెనో ఎవరికిని తెలియదు. పడని గోలులకు పట్టిక లేదు. ఈ విషయము భారతదేశపు ఫుట్‌బాలు చరిత్రలోని ఒక మహావిజయము యెడల ఎంత నిజమో, ఆ ఆటను మరల మరల చర్చించుకొను అభిమానుల మాటలను ఆలకించినచో తెలియగలదు.

అది 1962 సెప్టెంబరు 4వ తేదీ. ఇండొనీషియా రాజధానియైన జకార్తాలో ఆసియా క్రీడలు జరుగుచున్నవి. ఆ క్రీడల కొరకే సెనాయన్‌లో నిర్మించిన విశాల క్రీడాంగణమున ఇంచుమించు లక్షమంది ప్రేక్షకులు కూడినారు. స్వర్ణపతకము కొరకు భారత జట్టు, దక్షిణ కొరియా జట్టు తలపడినవి. 17వ నిమిషమున పి.కె. బెనర్జీ మొదటి గోలు చేసినాడు. 20వ నిమిషమున జర్నైల్ సింగ్ రెండవ గోలు చేసినాడు. 85వ నిమిషమున కొరియా ఒక గోలు చేసినది. ఆట 2-1తో ముగిసి స్వర్ణము భారతదేశమునకు దక్కినది. 1951లో ఢిల్లీలో గెలిచిన స్వర్ణము తరువాత ఇది రెండవది. ఆ పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన దేశమునకు మరియొక స్వర్ణము రాలేదు.

ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన జీవితము ఆధారముగా ‘మైదాన్’ అను హిందీ చిత్రము 2024లో విడుదలైన పిమ్మట ఆ పాత ఆట మరల నలుగురి నోట నానినది. అభిమానులు కూడినచోట ముచ్చట సాధారణముగా ఒకే దారిన నడచును. పీకే వేగమునకు సాటి లేదని ఒకరు మొదలుపెట్టుదురు. నాయకుడు చునీ గోస్వామి నేర్పును మరియొకరు కొనియాడుదురు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాంను తెలుగునాట అభిమానులు విడిచిపెట్టరు. రక్షకుడైన జర్నైల్ సింగును ముందునకు పంపి గోలు కొట్టించిన రహీం ఎత్తుగడను అందరును మెచ్చుకొందురు. ఇంతటితో ముచ్చట ముగియబోవుచుండగా, ఆట లోతు నెరిగిన ఏ వృద్ధుడో ఒక ప్రశ్న వేయును. “ఇరువది నిమిషములలో రెండు గోలులు పడినవి, బాగున్నది. మిగిలిన డెబ్బది నిమిషములు ఎవరు ఆడినారయ్యా?”

ఆ ప్రశ్నకు చాలమంది యొద్ద సమాధానము ఉండదు.

ఇరువదవ నిమిషము మొదలు ఎనుబదియైదవ నిమిషము వరకు గోలుల పట్టికలో ఏమియు లేదు. అరువదియైదు నిమిషముల శూన్యము. దానిని చూచి ఆ సమయమున ఏమియు జరుగలేదని అనుకొనుట పొరపాటు. రెండు గోలులు వెనుకబడిన జట్టు చేతులు ముడుచుకొని కూర్చుండదు. పైగా ఆ కొరియా జట్టు సామాన్యమైనది కాదు. అదే క్రీడలలో తొలి పోటీయందు భారత జట్టును 2-0తో ఓడించిన జట్టది. కొద్దిదినముల క్రిందట తమను ఓడించినవారు ఎదుట నిలిచి ఉండగా, చేజిక్కిన ఆధిక్యమును గంటకు పైగా కాపాడుకొనవలసి వచ్చినది.

కాపాడవలసిన గోడలో అప్పటికే ఒక పెద్ద రాయి స్థానము మారియున్నది. జర్నైల్ సింగ్ ఆ కాలమున ఆసియా ఖండములోని మేటి రక్షకులలో ఒకడు. థాయిలాండుతో జరిగిన ఆటలో అతని తలకు గాయమై కుట్లు పడినవి. తరువాత రహీం అతనిని వెనుక నుండి తీసి ముందువరుసలో సెంటర్ ఫార్వర్డుగా నిలిపినాడు. దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలులో ఈ ఏర్పాటు ఫలించి జర్నైల్ గోలు చేసినాడు. భారత జట్టు 3-2తో గెలిచినది. ఆ లెక్కలో ‘మూడు’ను చూచి సంతోషించువారు ‘రెండు’ను గమనింపరు. ముందువరుస బలపడినది నిజమే, అయితే వెనుక నుండి రెండు గోలులు పోయినవి. ఆ స్థితిలో ఫైనలునకు కూడ జర్నైలును ముందే ఉంచుటకు శిక్షకుడు సాహసించినాడన్న, వెనుక నిలిచిన మిగిలినవారిపై అతనికి ఎంత నమ్మకమున్నదో ఊహింపవచ్చును. ఆ ఎత్తుగడ కీర్తియంతయు ముందునకు పోయిన వానికి దక్కినది. అతడు విడిచిన ఖాళీని పూడ్చినవారికి దక్కలేదు.

ఆ పూడ్చినవారెవరు? కేరళలోని ఇరింజాలకుడకు చెందిన ఓ. చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, బెంగాలుకు చెందిన అరుణ్ ఘోష్ వెనుక వరుసలో నిలిచినారు. వారికి ముందు హాఫ్‌బ్యాకులుగా ప్రశాంత సిన్హా, గోవాలో పుట్టిన ఫ్రాంకో ఆడినారు. త్రిలోక్ సింగు కాలి బొటనవ్రేలి గోరు ఊడిన బాధతోనే ఆడినాడని ఆనాటి ముచ్చటలలో వినబడును. బూటు బిగించి తొంబది నిమిషములు పరుగెత్తవలసిన ఆటలో ఆ బాధ ఎట్టిదో, కాలిగోరు గాయమైనవారికి చెప్పనక్కరలేదు. జర్నైల్ తలకట్టు చిత్రములలోను కథలలోను నిలిచిపోయినది. త్రిలోక్ కాలివ్రేలు బూటులోపలనే ఉండిపోయినది.

వీరందరి వెనుక గోలు వాకిట నిలిచినవాడు పీటర్ తంగరాజ్. ఆ పొడగరి హైదరాబాదు సంస్థానమున పుట్టి, సికింద్రాబాదు క్లబ్బులలో ఆడి, తరువాత సైన్యములో చేరినాడు. మొదట అతడు సెంటర్ ఫార్వర్డుగా ఆడి, పిమ్మట గోలుకీపరుగా మారినాడు. జకార్తాలో అతనికి జ్వరము తగిలి పక్కన ఉండవలసి వచ్చినది. అతని స్థానమున ప్రద్యుత్ బర్మన్ నిలిచినాడు. ఫైనలునకు రహీం మరల తంగరాజునే పిలిచినాడు. విచిత్రమేమన, ఆనాడు గోలు కొట్టుట నేర్చిన వాడొకడు గోలు వాకిట కావలి కాచినాడు. కావలి కాయుట నేర్చిన వాడొకడు గోలు కొట్టినాడు. రెండవవాని సంగతి అందరికిని తెలియును.

రక్షకుని పని ఏమిటని విద్యార్థి అడిగినచో, బంతిని తన్ని దూరముగా పంపుట అని చెప్పుట పరిపాటి. అది ఆ పనిలో కడపటి భాగము మాత్రమే. ఎదుటివాడు బంతితో వచ్చుచున్నపుడు, తొందరపడి మీద పడక, రెండడుగుల దూరములో వెనుకకు నడచుచు, అతనిని గోలునకు దూరముగా పక్క గీత వైపునకు మళ్ళించుట ఒక విద్య. బంతి లేని వైపున ఎవడు ఖాళీగా నిలిచినాడో కనిపెట్టి, అతనికి బంతి అందు దారిలో ముందుగానే నిలిచియుండుట మరియొక విద్య. అట్లు నిలిచినపుడు ప్రత్యర్థి తలయెత్తి చూచును, దారి కనబడదు, బంతిని వెనుకకు పంపును. ప్రేక్షకునికి అక్కడ ఏమియు జరిగినట్లు తోచదు. నిజమునకు అక్కడ ఒక గోలు పుట్టకముందే అణగిపోయినది. తోటివాడు ముందునకు పోయినపుడు అతని స్థానమును కాచుట, గోలుకీపరు కేక విని పక్కకు తొలగుట, ఎగిరి వచ్చిన బంతిని తలతో కొట్టిన తరువాత అది ఎక్కడ పడునో అక్కడ మరియొకడు సిద్ధముగా ఉండుట, ఇవన్నియు ఆ విద్యలోని పాఠములే.

ఈ విద్యకు కేక ప్రాణము. “నాది”, “వదలు”, “వెనుక మనిషి” అను మాటలు క్షణములో చెవిని పడవలెను. ఆనాటి జకార్తాలో చెవులు పని చేయుటయే కష్టము. ఇండొనీషియా ప్రభుత్వము ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయలేదు. భారతదేశపు ఒలింపిక్ ప్రముఖుడు జి.డి. సోంధీ దానిని ఆక్షేపించినాడు. దానిపై అచటి ప్రజలు కోపించి భారత రాయబార కార్యాలయము మీద దాడి చేసినారు. ఆ కోపమంతయు క్రీడాంగణమునకు వచ్చినది. లక్ష గొంతులు భారత జట్టును గేలి చేయుచుండగా, ఒకరి కేక ఒకరికి వినబడని ఆ హోరులో, వెనుక వరుసవారు ఒకరినొకరు కనుసన్నతోను అలవాటుతోను గుర్తించి నిలువవలసి వచ్చినది. ముందు ఆడువాడు ఒకసారి తప్పినచో మరల ప్రయత్నింపవచ్చును. వెనుక ఆడువాని తప్పు అప్పటికప్పుడే గోలై కూర్చుండును. అరువదియైదు నిమిషములు వారు అట్టి తప్పును రానీయలేదు.

85వ నిమిషమున ఆ గోడకు ఒక బీట పడినది. అభిమానులు పట్టికలో చూచునది ఆ బీటనే. అయితే ఆ తరువాతి నిమిషములే ఆ ఆటలో అన్నింటికంటె కఠినమైనవి. ఇంకొక్క గోలు పడినచో ఆట సమానమగును, అదనపు సమయము వచ్చును, అలసిన కాళ్ళతో మరల మొదలుపెట్టవలెను. ఆ గోలు పడలేదు. భారత విజయమును కడకు నిర్ణయించినది ఆ పడని గోలే.

ఇక గౌరవముల సంగతి చూతము. భారత ప్రభుత్వము 1961లో అర్జున పురస్కారమును నెలకొల్పినది. ఫుట్‌బాలులో ఆ యేడు పీకే, 1962కు బలరాం, 1963కు చునీ, 1964కు జర్నైల్, 1965కు అరుణ్ ఘోష్, 1966కు యూసుఫ్ ఖాన్, 1967కు తంగరాజ్ ఆ పురస్కారము నందుకొన్నారు. ఏడేండ్లలో ఏడుగురు, అందరును జకార్తా జట్టువారే. చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, ప్రశాంత సిన్హా, ఫ్రాంకో అను నలుగురి పేర్లు ఈ వరుసలో లేవు. నలుగురును వెనుక ఆడినవారే. ఇందులో ఎవరి దురుద్దేశమును వెదకనక్కరలేదు. పురస్కారము పొందినవారెల్లరు దానికి తగినవారే. అయినను గోలును మాత్రమే చూచుటకు అలవాటుపడిన కన్ను ఎటు వాలునో ఈ వరుస చెప్పుచున్నది. చంద్రశేఖర్, ఫ్రాంకో ఇరువురును 2021లో కొన్ని మాసముల తేడాతో కన్నుమూసినారు. వారు జకార్తా విజేతలని చాలమంది యువకులు నాటి పత్రికలు చూచియే తెలిసికొన్నారు.

రహీం కన్ను మాత్రము అట్టిది కాదు. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, హైదరాబాదు పాఠశాలలలో పాఠములు చెప్పినాడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించినాడు. బంతిని తనయొద్దనే ఉంచుకొని సొగసులు పోవుట కూడదని, డ్రిబ్లింగు లేని పోటీలు పెట్టించినాడు. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో కూడ పోటీలు నడిపినాడు. తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న పిల్లవానిని ముందు బల్లవానితో సమానముగా చూచు ఉపాధ్యాయుని బుద్ధి ఆ నియమములలో కనిపించును. జకార్తా నాటికే ఆయనను క్యాన్సరు వ్యాధి లోలోపల తినుచున్నది. 1963 జూన్ 11న ఆయన మరణించినాడు. ఆ స్వర్ణము ఆయన చూచిన కడపటి పెద్ద విజయము.

ఆటస్థలము గల ప్రతి పాఠశాలలోను ఈ కథకు చోటున్నది. సాయంకాలము పిల్లలు ఆడుచుండగా, ఉపాధ్యాయుడు పది నిమిషములపాటు బంతిని చూచుట మాని, వెనుక నిలిచిన ఒక్క బాలుని మాత్రమే చూడవలెను. వాడు ఎన్నిసార్లు నాలుగడుగులు పక్కకు జరిగినాడో, ఎన్నిసార్లు తోటివాని ఖాళీని పూడ్చినాడో లెక్కించవలెను. ఆట ముగిసిన పిమ్మట గోలు కొట్టినవాని భుజము తట్టువారు చాలమంది ఉందురు. ఆ బాలుని యొద్దకు పోయి, “నీవు ఆ మూలన నిలిచియుండుట చూచి వాడు బంతిని వెనుకకు తన్నినాడు, నేను గమనించినాను” అని ఒక్క మాట చెప్పినచో చాలును. మరునాడు ఆ బాలుడు, ఎవరును చెప్పకయే, మరల అదే మూలకు పోయి నిలుచును.