కారు మెదడు పోయిందంటే...

పూర్వం కారు ఆగిపోతే మెకానిక్ బానెట్ ఎత్తేవాడు. చెవి పెట్టి వినేవాడు. పొగ రంగు చూసేవాడు. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, మళ్లీ బిగించేవాడు. ఇప్పుడు అలా కాదు. ముందుగా ఒక చిన్న యంత్రం తగిలిస్తాడు. దాన్ని స్కానరు అంటారు. దాని మీద అంకెలు చూస్తాడు. "కంప్యూటర్ పోయిందమ్మా, మార్చాలి" అంటాడు. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది.

కారు మీద బతికే ఇంటికి ఇది పెద్ద దెబ్బ. బండి షెడ్డులో ఉంటే ఆ రోజు కిరాయి లేదు. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. డబ్బు సర్దే పని చాలా ఇళ్లల్లో ఆడవాళ్లదే. స్వయంగా టాక్సీ నడిపే ఆడవాళ్లు కూడా ఇప్పుడు ఉన్నారు. అందుకే ఈ కంప్యూటర్ సంగతి వాళ్లకు తెలియాలి.

ఏమిటీ పెట్టె?

ఇది ఒక రేకు పెట్టె. చిన్న పుస్తకమంత ఉంటుంది. దానికి చాలా వైర్లు వచ్చి తగులుతాయి. కొన్ని కార్లలో ఇంజను పక్కన ఉంటుంది. కొన్నింటిలో డాష్‌బోర్డు కింద ఉంటుంది. మెకానిక్‌లు దీన్ని ఇ.సి.ఎం. అంటారు. కొందరు ఇ.సి.యు. అంటారు. పేరు ఏదైనా పెట్టె అదే.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పొంగు వస్తే మంట తగ్గిస్తారు. అడుగంటిన వాసన వస్తే గిన్నె దింపుతారు. కన్ను చూసింది. ముక్కు పసిగట్టింది. చెయ్యి పని చేసింది. మధ్యలో ఆలోచించింది మెదడు. కారులో కన్నూ ముక్కూ లాంటివి సెన్సార్లు. ఒకటి ఇంజను వేడిని చూస్తుంది. ఒకటి లోపలికి వచ్చే గాలిని లెక్కిస్తుంది. ఒకటి ఇంజను తిరుగుడు చూస్తుంది. ఇంకొకటి పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తుంది. ఈ కబుర్లన్నీ పెట్టెకు చేరతాయి. పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు రావాలో పెట్టె చెబుతుంది.

కారు ఊరికే ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజను నిమిషానికి 800 సార్ల దాకా తిరుగుతుంది. నాలుగు సిలిండర్లు ఉంటే నిమిషానికి 1600 సార్లు పెట్రోలు మండాలి. అంటే సెకనుకు 26 సార్ల పైనే. ప్రతిసారీ ఈ లెక్క జరగాల్సిందే.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చింది? పొగ వల్ల వచ్చింది. అమెరికాలో కార్ల పొగ మీద ఆంక్షలు పెట్టారు. 1967లో బాష్ అనే జర్మనీ కంపెనీ ఇలాంటి పెట్టెను ఫోక్స్‌వాగన్ కార్లకు అమర్చింది. మన దేశంలో 2000 నుంచి పొగ నిబంధనలు బిగుసుకున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 నిబంధన వచ్చింది. అప్పటి నుంచి చాలా స్కూటర్లకు కూడా ఈ పెట్టె ఉంటోంది.

తప్పు ఒకరిది, నింద ఒకరికి

పెట్టె అంత తేలిగ్గా పాడుకాదు. కానీ బండిలో ఏ తేడా వచ్చినా నింద దాని మీద పడుతుంది.

బ్యాటరీ నీరసపడితే పెట్టె తికమక పడుతుంది. ఆగి ఉన్న కారులో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుంటే సుమారు 13.5 నుంచి 14.5 దాకా చూపాలి. మీటరు పెట్టి చూడటం రెండు నిమిషాల పని. ఫ్యూజు పోయినా పెట్టెకు కరెంటు అందదు. ఎర్తు వైరు తుప్పు పట్టినా అంతే. ఇక ఎలుకలు! చలికాలంలో వెచ్చగా ఉంటుందని ఇంజను దగ్గర చేరతాయి. వైర్లు కొరికి పెడతాయి.

ఇంకో చిక్కు ఉంది. పెట్టె చాలా సెన్సార్లకు 5 వోల్టుల కరెంటు పంపుతుంది. వాటిలో ఒక్కటి షార్టు అయితే మిగతావాటికీ కరెంటు సరిగా అందదు. స్కానరు మీద ఒకేసారి నాలుగైదు తప్పులు కనిపిస్తాయి. "ఇన్ని తప్పులా? అయితే పెట్టే పోయింది" అనుకుంటారు. ఇంట్లో ఒక స్విచ్చి షార్టు అయితే ఇల్లంతా చీకటి అవుతుంది. అలా అని కరెంటు మీటరు మార్చరు కదా!

అంకె అడగండి

స్కానరు చూపే తప్పుకు ఒక గుర్తు ఉంటుంది. ఇంజను తప్పులకు ముందు పి అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. తర్వాత నాలుగు గుర్తులు ఉంటాయి. ఎక్కువగా అవి అంకెలే. అంకెలు చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా వాటిని కాగితం మీద రాసుకోవచ్చు. షెడ్డులో మాట ఇలా సాగిందనుకోండి.

"స్కానరులో ఏం వచ్చింది తమ్ముడూ?"

"పి 0335 అక్కా."

"అంటే ఏంది?"

"ఇంజను తిరుగుడు చూసే సెన్సారు ఉంటది. దాని దారిలో లోపం ఉందని."

"మరి సెన్సారు దారిలో లోపం ఉంటే పెట్టె మార్చడం ఎందుకు?"

"సెన్సారు నిరుడే మార్చినాం కదక్కా. అందుకని పెట్టే అనుకున్నా."

"ఆ వైరు మొదలు నుంచి చివరి దాకా చూశావా?"

"చూడలేదక్కా. ఇప్పుడు చూస్తా."

'దారిలో లోపం' అనే మాట ముఖ్యం. సెన్సారు, వైరు, కనెక్టరు, పెట్టె - అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. ఏది చెడిందో అంకె చెప్పదు. ఎక్కడ వెతకాలో మాత్రమే చెబుతుంది.

పి 0562 వస్తే కరెంటు తక్కువగా ఉందని అర్థం. ముందు బ్యాటరీ సంగతి చూడాలి. పి 0601, పి 0606 లాంటివి వస్తే పెట్టె తనలోనే లోపం ఉందని చెబుతోంది. అప్పుడు అనుమానం గట్టిదే. అయినా కరెంటూ ఎర్తూ చూడకుండా పెట్టె కొనకూడదు. తాళం తిప్పినప్పుడు ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలగాలి. ఆ లైటు వెలగక, స్కానరుకు కూడా పెట్టె పలకకపోతే, ముందు దాని ఫ్యూజు చూడాలి.

నిజంగా పోయేది ఎప్పుడు?

నీళ్లు పెద్ద శత్రువు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో చాలా బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి కారును "చూద్దాం, స్టార్టు అవుతుందేమో" అని తాళం తిప్పకూడదు. బ్యాటరీ వైరు తీసి, బండిని లాక్కుని షెడ్డుకు తీసుకుపోవాలి. లేకపోతే పెట్టె కాలవచ్చు, ఇంజనూ విరగవచ్చు. బీమా కంపెనీ కూడా ఇంజను నష్టం ఇవ్వనని వాదించవచ్చు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత బండి నష్టానికి ఏమీ రాదు.

బ్యాటరీ వైర్లు తారుమారుగా పెట్టినా పెట్టె పోతుంది. బ్యాటరీ వైరు తీయకుండా బండికి వెల్డింగు చేసినా పోవచ్చు. ఇంజెక్టరు గానీ కాయిలు గానీ షార్టు అయితే పెట్టె లోపలి భాగం కాలుతుంది. ఈ షార్టును సరిచేయకుండా కొత్త పెట్టె పెడితే అది కూడా కాలిపోతుంది. రెండోసారి డబ్బు పోయేది ఇక్కడే. "పాతది ఎందుకు కాలింది?" అన్న ప్రశ్నకు జవాబు వచ్చాకే కొత్తది కొనాలి.

మార్చే పద్ధతి

విప్పి బిగించడం కష్టం కాదు. తాళం తీసి కాసేపు ఆగాలి. బ్యాటరీ మైనస్ వైరు ముందుగా తీయాలి. కనెక్టరుకు చిన్న లాకు ఉంటుంది. లాకు వదులు చేసి కనెక్టరును పట్టుకుని తీయాలి. వైర్లు పట్టి గుంజకూడదు. లోపలి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడాలి. ఒక్కోసారి ఆ చిలుమే అసలు రోగం. చివరలో మైనస్ వైరు మళ్లీ తగిలించాలి.

అసలు పని తర్వాత ఉంది. చాలా పెట్టెలకు ఆ కారుకు తగిన లెక్కలు ఎక్కించాలి. దీన్ని ప్రోగ్రామింగు అంటారు. ఈ పని జరుగుతుండగా బ్యాటరీ పడిపోతే కొత్త పెట్టె కూడా పాడు కావచ్చు. అందుకే మంచి షెడ్డులో అప్పుడు ఛార్జరు తగిలించి ఉంచుతారు. చాలా కార్ల తాళంలో చిన్న చిప్పు ఉంటుంది. దొంగలు ఎత్తుకుపోకుండా అది కాపలా. తాళాన్ని పెట్టె గుర్తుపట్టకపోతే కారు స్టార్టు కాదు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత సామాను కొట్లు ఉన్నాయి. అక్కడ పాత పెట్టె తక్కువ ధరకు దొరుకుతుంది. కానీ పెట్టె మీద రాసిన పార్టు నంబరు మీ పెట్టె నంబరుతో సరిపోవాలి. ఒకే పేరు గల కారైనా పెట్రోలుది డీజిలుకు పనికిరాదు. నంబరు కలిసినా, వేరే కారు తాళానికి అలవాటు పడిన పెట్టె అది. ప్రోగ్రామింగు ఎవరు చేస్తారు? దానికి ఎంత? ఇవి తేలకుండా డబ్బు ఇవ్వడం దండగ. కొన్ని పెట్టెలను విప్పి బాగు చేసేవాళ్లు కూడా ఉన్నారు. కొత్తది కొనే ముందు అక్కడ ఒకసారి అడగడం మంచిది.

బిల్లులో ఏముండాలి?

పెట్టె పార్టు నంబరు ఉండాలి. కారు నంబరు ఉండాలి. కొత్తదో, పాతదో, బాగు చేసిందో రాయాలి. ప్రోగ్రామింగు కూలి విడిగా రాయాలి. గ్యారంటీ ఎన్ని నెలలో రాయాలి. తీసేసిన పెట్టె మీదే. అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. డబ్బు కట్టే ముందు కాగితం మీది నంబరూ పెట్టె మీది నంబరూ ఒక్కో అంకె చదివి పోల్చుకోవాలి.

మోసం జరిగిందనిపిస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ కేంద్రం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. వాళ్లు మొదట అడిగేది బిల్లే.