హెచ్‌ఎంటీ పుట్టిల్లు మన చంద్రాపూరే!

చంద్రాపూర్: తెలుగిళ్లలో హెచ్‌ఎంటీ బియ్యం తెలియని వారు అరుదు. ఆ సన్నాలు పుట్టింది మన జిల్లాలోనే. నాగ్‌భీడ్ తాలూకాలోని చిన్న పల్లె నాందేడ్. అక్కడి రైతు దాదాజీ రామాజీ ఖోబ్రాగడే చదివింది మూడో తరగతే. 1983లో ఆయన వేసిన పటేల్-3 వరిలో కొన్ని వెన్నులు వేరుగా కనిపించాయి. మరొకరైతే కుప్పలో కలిపేసేవారే. ఆయన వాటిని విడిగా కోసి దాచారు. ఏటా విత్తి, మేలైనవి ఏరి, మళ్లీ విత్తారు. గింజ సన్నం, అన్నం రుచి కావడంతో ఊరూరా పాకింది. పేరులేని ఆ వడ్లకు అప్పట్లో మోజున్న హెచ్‌ఎంటీ గడియారం పేరు తగిలించారు.

1998లో అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ వ్యవసాయ విద్యాపీఠం పీకేవీ-హెచ్‌ఎంటీ పేరుతో వరి వంగడాన్ని విడుదల చేసింది. తన కష్టానికి గుర్తింపు దక్కలేదన్నది దాదాజీ ఆవేదన. 2005లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా పురస్కారం అందుకున్నారు. 2018 జూన్ 3న కన్నుమూశారు.

విత్తనం దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం రైతు హక్కేనని 2001 నాటి చట్టం చెబుతోంది. రైతు తీసిన వంగడాన్ని తన పేరిటే నమోదు చేయించుకోవచ్చు కూడా. పెరట్లో చిక్కుడో, బీరో, సొరో వేరుగా కాస్తే వెంటనే కూరకు కోసేయకండి. ఒక్క కాయనైనా తీగ మీదే ఎండనిచ్చి, గింజలు దాచి చూడండి.