చిట్టి సేనలకు రంగులు

నేడు నేను మనవి చేయబోవునది వ్రేలెడంత సైనికుల బొమ్మలను గురించిన ముచ్చట. అట్టి బొమ్మలకు రంగులు పూసి, బల్లమీద వ్యూహములుగా నిలిపి, యుద్ధక్రీడ జరుపు వేడుక ఐరోపా, అమెరికా ఖండములలో వృద్ధులకును కలదు. ఉద్యోగపు తొలినాళ్లలో చరిత్రపాఠము కొఱకు నేను దీనిని అభ్యసించితిని. పిమ్మట సంసారభారమున ముప్పదియేండ్లు విడిచి, ఉద్యోగవిరమణానంతరము మరల కుంచె పట్టితిని. అరువదియేండ్లు దాటినవానికి బొమ్మలాట యేమని మా యింటివారు నవ్విరి.

దీని మూలము మన చతురంగమే యని తెలిసిన నవ్వు కొంత తగ్గును. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము గల ఆ సేన పారసీకము మీదుగా పడమటికి పోయినది. 1780లో జర్మనీలోని బ్రన్‌స్విక్కున హెల్విగ్ అను ఉపాధ్యాయుడు చదరంగమును పెంచి, యుద్ధతంత్రము బోధించు క్రొత్త క్రీడను కల్పించెను. నావలె బడిపంతులు గావున ఆయన పేరు ముందు చెప్పితిని. బొమ్మల విషయమున ముఖ్యుడు ఇంగ్లండు వాసి విలియం బ్రిటన్. ఆయన 1893లో బోలు బొమ్మలను పోయించెను. కరగిన సీసమును అచ్చులో పోసి, అంచు గట్టిపడగనే లోపలిదానిని వెలికి వంచివేయుట ఆ పద్ధతి. లోహము తగ్గెను, వెలయు తగ్గెను. 1913లో ఎచ్. జి. వెల్సు ఇట్టి బొమ్మలతో ఆడు విధమును గ్రంథముగా వ్రాసెను. మరుసటియేట నిజమైన మహాయుద్ధము వచ్చిపడినది.

ఇక రంగు పూయుటలోని మర్మము. మనుష్యుడు ధరించిన వస్త్రపు మడతలలో నీడ సహజముగా పడును. అంగుళమంత బొమ్మలో ఆ లోతు లేదు గనుక నీడను మనమే కల్పింపవలెను. వీథినాటకపు వేషగాడు అర్దళము దట్టముగా పూసి, కనుబొమలను పెద్దవిగా దిద్దుట ఎందులకు? దూరమున కూర్చున్నవానికి ముఖభావము తెలియుటకే కదా. ఇదియు నట్టిదే. మొదట పునాదిరంగు, అది ఆరిన పిమ్మట అసలు రంగు. ఆపై నీళ్లవంటి ముదురురంగు పారించిన, అది తనంతట మడతలలోనికి దిగి నిలుచును. కడపట కుంచెను గుడ్డతో తుడిచి, ఇంచుమించు పొడిగా చేసి, లేతరంగును మిట్టలమీద మాత్రము తాకింపవలెను. వణకుచేతికి ఈ పద్ధతి మిక్కిలి అనుకూలము. సగము పని రంగే చేసికొనును. కుంచె అతిసన్ననిదై యుండవలె నని పెక్కురు తలంతురు. అట్టి కుంచెలో రంగు బొమ్మను చేరులోగానే ఆరిపోవును. పొట్ట నిండుగా, మొన వాడిగా నున్నదియే మేలు. మొన సవరించుటకై కుంచెను నోట బెట్టుకొనరాదు. పాతబొమ్మలలోని సీసము విషము. పసివారికి మరియు కీడు.

నేనిప్పుడు రంగులు వేయుచున్నది పిఠాపురము చెంతనున్న చందుర్తి యుద్ధపు సేనలకు. 1758 డిసెంబరులో అచట ఆంగ్లేయులకు ఫోర్డు, ఫ్రెంచివారికి కాన్‌ఫ్లాన్సు నాయకులు. ఫోర్డు వెంట బంగాళమునుండి వచ్చిన సిపాయిలు ఎఱ్ఱకోటులు తొడిగిరి. తెల్లసైనికులు పొడవైన పైరు మాటున మరుగుపడిరి. ఎఱ్ఱకోటులను గాంచి, తెల్లదళము వీరే యని ఫ్రెంచివారు భ్రమించి సిపాయిలపై బడిరి. సిపాయిలు చెదరిరి. తరుముచు ఫ్రెంచివారు వరుస తప్పగా, పైరు మాటునున్న దళము ప్రక్కనుండి తుపాకులు కాల్చెను. ఫ్రెంచివారు ఓడిరి, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు వారి చేజారినది. ఒక కోటురంగు మన ఉత్తరసర్కారుల రాత మార్చుటలో ఇంత పనిచేసినది!

ఉత్తరహిందూస్థానమున సిపాయికి తిలంగా యను పేరు మన తెలుగుదేశమును బట్టియే వచ్చినది. చరిత్రపుస్తకములలో ఫోర్డు పేరు కలదు, ఎఱ్ఱకోటుతో ఆ దెబ్బ కాచిన సిపాయిల పేర్లు లేవు. అందుచే వారి మోములను ఒకేమారు పూయక, ఒక్కొక్కదానిని వేరుగా దిద్దుచున్నాను. ఒకనికి నెరసిన మీసము, ఒకనికి నూనూగు మీసము. దినమునకు రెండు మోములు పూర్తియైన చాలును. కోటులకు మాత్రము ఇరుదళములకును ఒకే గిన్నెలోని ఎఱుపు. నాలుగడుగుల దూరమున నిలిచి చూచిన, ఎవరెవరో పోల్చుట కష్టము. కాన్‌ఫ్లాన్సు ఎట్లు భ్రమించెనో మా వీథి పిల్లలకు దానితో తెలిసిపోయినది.

ఇంక పైరు మిగిలినది. కొబ్బరిపీచు కత్తిరించి, పచ్చరంగులో ముంచి ఎండబెట్టితిని. అది బొమ్మల తలపాగాలకంటె రెండంగుళములు ఎత్తుగా నుండవలెను. లేనియెడల ఆ యుద్ధము జరుగదు.