విరిగిన షాఫ్టు సాక్ష్యం

అమెరికాలో 2006 మోడల్‌గా వచ్చిన షెవ్రొలే కార్వెట్ జెడ్06 కారులో 7 లీటర్ల వి8 ఇంజిన్ 505 హార్స్‌పవర్ శక్తిని, సుమారు 637 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే మెలితిప్పే బలాన్ని ఇస్తుంది. ఇంజిన్ ముందు భాగంలో ఉంటే, బరువు సమంగా పడడానికి గేరుబాక్సునూ, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ వెనుక అమర్చి, ఈ రెండు కొసలనూ టార్క్ ట్యూబ్ అనే లావుపాటి గొట్టంలో తిరిగే షాఫ్టుతో కలిపారు. మొదటి గేరు ఆ బలాన్ని 2.66 రెట్లు, డిఫరెన్షియల్ మరో 3.42 రెట్లు పెంచుతాయి కనుక, రాపిడిలో పోయేది పక్కన పెడితే, వెనుక చక్రాలకు చేరేది దాదాపు 5,800 న్యూటన్ మీటర్లు. డిఫరెన్షియల్ నుంచి ఒక్కో చక్రానికి వెళ్లే హాఫ్ షాఫ్టు అందులో సగం మోస్తుంది. మీటరు పొడవున్న పానా చివర 300 కిలోల బరువు వేలాడదీస్తే ఎంత మెలి పడుతుందో అంత అన్నమాట. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే, వేగంగా తిరుగుతున్న ఫ్లైవీలులో నిలవున్న శక్తి కూడా తోడై ఆ లెక్కను దాటిపోతుంది.

మామూలు టైర్లున్నప్పుడు ఈ దెబ్బను టైరే జారి తప్పిస్తుంది, అంటే ఇంటి కరెంటుకు ఫ్యూజు చేసే పని టైరు చేస్తుంది. డ్రాగ్ పందేలకు వాడే మెత్తటి, పట్టున్న టైర్లు వేసిన రోజున ఆ ఫ్యూజు తీసేసినట్టే. టైరు పట్టి, జారి, మళ్లీ పట్టి చక్రం ఎగిరెగిరి పడితే, షాఫ్టుకు తగిలేది ఒక్క దెబ్బ కాదు, సమ్మెట పోట్ల వరుస.

అలా షాఫ్టు విరిగాక మరమ్మతులో అన్నిటికన్నా విలువైన పని దాని విరిగిన ముఖాన్ని పరిశీలించడమే అయినా, తొందరలో అందరూ దాటవేసేదీ అదే. సుద్దముక్కను రెండు కొసలా పట్టుకుని మెలితిప్పితే అది 45 డిగ్రీల వాలులో చుట్టు తిరిగి విరుగుతుంది. మరీ గట్టిపడిన పెళుసు ఉక్కు కూడా అలాగే విరుగుతుంది. సాగే గుణమున్న ఉక్కు ఒకే పెద్ద దెబ్బకు తెగితే, విరిగిన ముఖం అడ్డంగా కోసినట్టు బల్లపరుపుగా ఉండి, స్ప్లైన్లు, అంటే షాఫ్టు కొసన నిలువుగా చెక్కిన పళ్లు, తాడు పేటల్లా మెలి తిరిగి కనిపిస్తాయి. అలా కాక, చెరువులో నీరు తగ్గేకొద్దీ గట్టున మిగిలే గీతల వంటి వలయాలు ఆ ముఖం మీద ఉంటే, చిన్న పగులు ఎన్నో ప్రయాణాలపాటు లోపలికి పాకుతూ వచ్చిందని అర్థం. రెండో చక్రపు షాఫ్టు కూడా అంతే అలసి ఉండవచ్చు కాబట్టి, పైకి బాగానే కనిపించినా దాన్నీ అయస్కాంత పొడితో పగుళ్ల పరీక్ష చేయించాలి.

తెగిన షాఫ్టును వెల్డింగ్ చేయడం పొరపాటు, ఎందుకంటే ఆ వేడికి ఉక్కుకు పెట్టిన పదును పోతుంది. విమానాల ల్యాండింగ్ గేరుకు వాడే 300ఎం రకం ఉక్కుతో చేసిన షాఫ్టులు దొరుకుతాయి. పైగా మెలిని తట్టుకునే బలం వ్యాసపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 10 శాతం లావు పెంచితే బలం 33 శాతం పెరుగుతుంది. అయితే షాఫ్టు విరగకపోతే ఆ దెబ్బ డిఫరెన్షియల్ మీదికి వెళుతుంది. షాఫ్టు మార్చడం చిన్న పని. డిఫరెన్షియల్ తీయాలంటే వెనుక సస్పెన్షన్‌ను మోసే ఫ్రేమంతా దించాలి. వీధిలో నడిచే కారుకు అన్నిటికన్నా గట్టి షాఫ్టు వేయించడం ఈ లెక్కన తెలివైన పని కాదు.

డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ వీల్, పినియన్ ఒకదానితో ఒకటి అరగదీసి జత చేసిన పళ్లచక్రాలు కనుక, ఒకదాని పన్ను విరిగినా రెండూ మార్చాలి. బిగించేటప్పుడు పళ్లకు రంగు పూసి తిప్పి, ఆ రంగు పన్ను అంచున కాక నడుమ చెరిగేదాకా షిమ్ములనే పలుచని రేకులతో సరిచేయాలి. కొంత దూరం నడిపాక ఆయిల్ దించి అందులో అయస్కాంతం తిప్పితే, దానికి అంటుకున్నది బూడిదరంగు మెత్తని ముద్దయితే అది కొత్త పళ్లు సర్దుకున్నప్పటి అరుగుదల. మెరిసే పెచ్చులయితే ఆ ఫ్రేమును మళ్లీ దించాలి.