కాలేజీ గ్రౌండ్ నుంచి ఒలింపిక్స్ సెమీస్ దాకా.. హైదరాబాదీ రహీం సాబ్ కథ ఇదీ!

భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడిందంటే నమ్ముతారా? నిజమే. 1956లో మెల్‌బోర్న్‌లో ఆడింది. ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన తొలి జట్టు మనదే. దాని కోచ్ పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాలో అజయ్ దేవగణ్ చేసింది ఈయన పాత్రే. మరి రహీం ఆట ఎక్కడ నేర్చుకున్నారు? విదేశాల్లోనో, పెద్ద అకాడమీలోనో కాదు. కాలేజీ గ్రౌండ్‌లో!

పదకొండు గుండెల టీమ్

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. 1920ల చివర్లో ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు. ఆ యూనివర్సిటీ మొదలైందే 1918లో. అప్పటికి దాని వయసు పదేళ్లే. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున సిటీ కాలేజీ ఉంది కదా, అక్కడ చదువుకున్న కుర్రాళ్లంతా కలిసి ఒక టీమ్ కట్టారు. దాని పేరు ‘ఎలెవన్ హార్ట్స్’. అంటే పదకొండు గుండెలు. అందులోనూ ఆడి రహీం మంచి పేరు తెచ్చుకున్నారు.

డ్రిబ్లింగ్ చేస్తే కుదరదు!

చదువయ్యాక రహీం స్కూల్ టీచర్ అయ్యారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. కోచింగ్‌లోనూ పక్కా మాస్టారే. కుర్రాళ్ల కోసం వెరైటీ టోర్నీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. దాంతో ఆట వేగం పెరుగుతుంది, పక్కవాడు ఎక్కడున్నాడో చూసే అలవాటు వస్తుంది. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. పొట్టి ఆటగాళ్ల కోసం ప్రత్యేకంగా మరో పోటీ. వీటికి పెద్ద ఖర్చేం లేదు. కావాల్సింది ఓ బంతి, కాస్త ఖాళీ స్థలం, ఓపికున్న మాస్టారు.

రిజల్ట్ ఏంటంటే..

* రహీం కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.
* 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం.
* 1956 ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాపై 4-2తో గెలుపు, చివరికి నాలుగో స్థానం.
* 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి మళ్లీ స్వర్ణం.

జకార్తా విజయం తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. కానీ ఆయన నాటిన విత్తనం వెంటనే ఎండిపోలేదు. 1965-66లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ ఎత్తింది.

ఈ కథ మనకెందుకు?

ఇప్పుడు బెజవాడలో ఓ రౌండ్ వేసి చూడండి. ఇంటర్ కాలేజీలు చాలావరకు అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లోనే నడుస్తున్నాయి. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. ఆడుకుందామన్నా గ్రౌండ్ ఉండదు. పీఈటీ పీరియడ్ ఉన్నా అది టైంటేబుల్ వరకే. అలాంటి చోట రహీం లాంటి కుర్రాడు చేరితే, అతనిలో ఆటగాడున్నాడని ఎవరికి తెలుస్తుంది? అందుకే అడ్మిషన్ తీసుకునేటప్పుడు ర్యాంకుల బోర్డు ఒక్కటే చూడకండి. గ్రౌండ్ ఎక్కడుందో కూడా అడగండి!